దూలం బలం ఎక్కడుంది?

గూడూరు, మచిలీపట్నం, దివిసీమ పల్లెల్లో పొలం గట్ల మీద తాటిచెట్లు ఉంటాయి. మన పెద్దలు ఇళ్లకు తాటి దూలాలు వేసేవారు. పాత ఇళ్లలో అవి ఇప్పటికీ కనిపిస్తాయి.

దూలం అంటే ఏమిటి? రెండు గోడల మధ్య అడ్డంగా వేసే పెద్ద కర్ర. వాసాలు, పెంకులు, ఆ బరువంతా దాని మీదే. దూలం విరిగితే కప్పు కూలుతుంది. ఆ కప్పు కిందే మన పిల్లలు పడుకుంటారు. అందుకే దూలం సంగతి మనకూ తెలియాలి.

తాటిచెట్టుకు చేవ బయటివైపు ఉంటుంది. లోపల మెత్తగా ఉంటుంది. లేత చెట్టుకు చేవ తక్కువ. అందుకే దూలానికి ముదురు చెట్టు కావాలి.

ఒక పని చేసి చూడండి. పిల్లల స్కేలుబద్ద తీసుకోండి. రెండు ఇటుకల మీద పడుకోబెట్టి నడుమ నొక్కండి. వంగుతుంది. ఇప్పుడు అంచు మీద నిలబెట్టి నొక్కండి. వంగదు. బద్ద అదే, పెట్టిన తీరు మారింది.

దూలం కూడా అంతే. వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెండింతలు. ఎత్తు రెట్టింపు చేస్తే బలం నాలుగింతలు.

మరి పెద్ద చెట్టు దొరక్కపోతే? జర్మనీలో ఆటో హెట్జర్ అనే వడ్రంగి ఉండేవాడు. సన్న పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి, జిగురుతో అతికి దూలాలు చేశాడు. 1906లో ఆ పద్ధతికి పేటెంటు హక్కు పొందాడు.

అతికితే ఏం లాభం? రెండు పలకలు ఊరికే పేర్చితే, బరువు పడినప్పుడు ఒకదానిపై ఒకటి జారతాయి. రెండు పలకల బలమే వస్తుంది. గట్టిగా అతికితే జారవు. రెండూ ఒకే కర్ర అవుతాయి. అప్పుడు నాలుగు పలకల బలం వస్తుంది. ఇలాంటి అతుకు దూలాలతో నార్వే దేశంలో 18 అంతస్తుల భవనం కట్టారు. అది 2019లో పూర్తయింది.

అయితే జాగ్రత్త! ఈ దూలాలను ఫ్యాక్టరీలో, తడికి ఊడని జిగురుతో, గట్టిగా బిగించి చేస్తారు. ఇంటి దగ్గర మామూలు జిగురుతో చేస్తే పనికిరావు. బీరువాలు చేసే ప్లైవుడ్డు కూడా దూలానికి పనికిరాదు.

మనది తుపానుల సీమ. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. వేలమంది చనిపోయారు. తుపాను గాలి కప్పును పైకి లేపుతుంది. దూలం ఎంత బలమైనదైనా, గోడకు బిగించకపోతే కప్పు ఎగిరిపోతుంది.

ఇల్లు కట్టేటప్పుడు వడ్రంగిని ఇవి అడగండి:

1. ఈ కర్ర ముదురుదేనా? బాగా ఆరిందా?
2. దూలాన్ని నిలువుగా వేస్తున్నావా?
3. గోడలో ఉండే కొసలు తడవకుండా, చెద పట్టకుండా ఏం చేశావు?
4. దూలాన్ని గోడకు ఇనుప పట్టీతో బిగించావా?

డబ్బు మనది. ఇల్లు మనది. అడగడానికి మొహమాటం వద్దు.

చెప్పండి: తాటిచెట్టుకు చేవ ఎక్కడ ఉంటుంది?

రాయండి: దూలం, వాసం, చేవ, చెద, జిగురు.

చేయండి: మీ ఇంటి దూలం కొసలు చూడండి. చెద ఉందా? తడి ఉందా? చూసింది రెండు వాక్యాల్లో రాయండి.