తులసీదళమునకు బరువు తెచ్చిన నటుడు

ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామవేదమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వవేదమునుండి రసములను గ్రహించి బ్రహ్మదేవుడు నాట్యవేదమును సృష్టించెనని భరతముని చెప్పియున్నాడు. ఈ నాలుగును ఒక్క నటునియందే కుదురుకొనుట అరుదు. ఆంధ్రదేశమున పౌరాణిక నాటకములు వెలుగొందిన కాలమున అట్టి భాగ్యమునకు నోచుకొన్నవారిలో శ్రీ స్థానం నరసింహారావుగారు అగ్రగణ్యులు.

ఆయనకు కీర్తి తెచ్చినవి స్త్రీ పాత్రలు. అందును పెక్కు గర్వము, మోహము, మాయమాటలు నిండిన పాత్రలు. భగవత్కథకు వచ్చిన భక్తునకు గర్వమును, మోహమును అంత మనోహరముగ చూపుట తగునా అని ఎవరికైనను సందేహము కలుగవచ్చును. ఆ సందేహమునకు ఆయన నటజీవితమే సమాధానము.

భావనారాయణస్వామి కొలువైయున్న బాపట్లలో 1902వ సంవత్సరమున స్థానంవారు జన్మించిరి. 1920లో ఆ యూరనే హరిశ్చంద్ర నాటకము జరుగవలసియుండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ కొరతను తీర్చుటకై స్థానంవారు ఆ వేషమును ధరించిరి. ఆనాడు స్త్రీలు రంగస్థలము నెక్కుట అరుదు. పురుషులు స్త్రీ వేషములు ధరించుట మనకు కొత్తయు గాదు. సిద్ధేంద్రయోగి భామాకలాపమును కూచిపూడి భాగవతులు తరతరములుగ అట్లే ఆడుచు వచ్చిరి. తరువాత స్థానంవారు తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి రాష్ట్రమంతట పేరుగాంచిరి.

ఆయన పాత్రల వైవిధ్యమును గమనింపుడు. చిత్రాంగి సవతి కుమారుడైన సారంగధరుని కామించి, తిరస్కరింపబడి, పగబూనిన రాణి. రోషనార మొగలు రాజకుమారి. కన్యాశుల్కములోని మధురవాణి వేశ్యయైనను వివేకవతి, మనసున్నది. కన్యాశుల్కము వచన నాటకము. పద్యము, రాగము అక్కరకు రాని ఆ చోట మాట విరుపుతోనే రక్తి కట్టింపవలెను. పాటకు పాట, మాటకు మాట చెల్లించగలిగిన నటుడు గనుకనే ఆయన రెండు తీరుల నాటకములందును రాణించిరి. చీరకట్టు, నడక, చూపు సైతము ఒక పాత్రనుండి మరియొక పాత్రకు మారవలెనన్న పట్టుదల ఆయనది.

వైష్ణవులకు ఆప్తమైనది విప్రనారాయణ చరిత్రము. శ్రీరంగనాథునకు పుష్పకైంకర్యము చేయుచుండిన విప్రనారాయణుడు దేవదేవి వలలో చిక్కి స్వామిని మరచెను. స్వామియే అతని సేవకుని రూపమున బంగారు గిన్నెను కొనిపోయి దేవదేవి కిచ్చెను. దొంగతనము మోపబడి, చివరకు స్వామి కరుణవలన విముక్తుడై, ఆతడు తొండరడిప్పొడి ఆళ్వారుగ ప్రసిద్ధి కెక్కెను. ఆయన పాడిన తిరుప్పళ్ళియెழுచ్చి నేటికిని సుప్రభాత వేళ వైష్ణవాలయములలో వినబడుచున్నది. స్థానంవారు ధరించినది ఈ దేవదేవి పాత్రనే. దేవదేవి ఆకర్షణ చప్పగ నున్నచో, అంతటి భాగవతుడు పడిపోయెనన్న మాట నమ్మశక్యము కాదు. పడిన లోతు తెలియనిదే పైకి తీసిన చేతి బలము తెలియదు.

ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారములో ఈ విషయము మరింత స్పష్టమగును. సత్యభామ వ్రతము పేరిట శ్రీకృష్ణుని నారదునకు దానమిచ్చి, తూకమునకు సరియగు ధనముతో తిరిగి పొందగోరును. తన భాండారములోని బంగారమంతయు పోసినను త్రాసు కదలదు. రుక్మిణి భక్తితో నుంచిన ఒక్క తులసీదళమునకు స్వామి తేలిపోవును.

ఈ నాటకములో 'మీరజాలగలడా' అను పాట స్థానంవారి పేరుతో పెనవేసికొనిపోయినది. దానిని ఆయనయే రచించెనని ప్రతీతి. తన ఆజ్ఞను స్వామి జవదాటజాలడని సత్యభామ మురిసిపోవు సందర్భమది. ఒక్క పల్లవినే మరల మరల పాడుచు స్థానంవారు ఒక్కొక్క మారు ఒక్కొక్క భావమును పలికించెడివారని ప్రసిద్ధి. గాత్రము అభినయమును మించిపోక, అభినయము గాత్రమును మరుగుపరుపక సాగెడిది. ప్రేక్షకుడు సత్యను తప్పుపట్టడు. ఆమెతోపాటు తానును గర్వించును. తరువాత త్రాసు కదలనప్పుడు తలవంచవలసినది సత్య యొక్కతెయే కాదు, ఆమెతో మురిసిన ప్రేక్షకుడును. సత్య గర్వమును తేలికగ నటించినచో తులసీదళము వట్టి ఆకుగనే మిగులును. ఆ గర్వము ఎంత నిండుగ నున్న, ఆ దళము అంత బరువెక్కును.

సత్యభామగ పేరొందిన ఈ నటుడే 'సత్యభామ' చలనచిత్రములో శ్రీకృష్ణ పాత్రను ధరించుట విశేషము. 1956లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో సత్కరించినది. తన అనుభవములను 'నటస్థానం' అను గ్రంథముగ వ్రాసిరి. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారము చిత్రములో ఆ పాటనే శ్రీమతి పి. సుశీల గానముతో, జమున అభినయముతో కొత్త తరము విన్నది. 1971లో స్థానంవారు పరమపదించిరి.

నటుడు వేషము విప్పిన పిమ్మట సత్యభామ కాడు. మనము మాత్రము 'నా ఇల్లు, నా మాట, నేను చేయించిన పూజ' అను వేషమును విప్పక స్వామి సన్నిధికి పోవుచుందుము. ఉదయమున పూజకై తులసికోట వద్ద దళమును కోయునపుడు సత్యభామ త్రాసును ఒక్కసారి తలచుకొందము. స్వామి తూకమునకు సరిపడునది మన చేతిలోని ఆ దళమే.