తరగు బెంకి: అడవిని కాచిన నిప్పు

అడవిలో నిప్పు పెట్టేవాడు అడవికి శత్రువని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. నిప్పుతోనే అడవిని కాపాడుకున్న మనుషులున్నారంటే నమ్ముతారా?

కర్ణాటకలో చామరాజనగర్ జిల్లాలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలనే ఆదివాసులున్నారు. అక్కడ చాలా భాగం ఆకురాల్చే అడవి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం, ఆ ఎడంలో ఎండ, ఎండలో గడ్డి. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో, నేలలో ఇంకా కాస్త చెమ్మ ఉండగానే, సోలిగలు రాలిన ఆకులకు నిప్పంటించేవారు. దీని పేరు ‘తరగు బెంకి’. తరగంటే ఎండుటాకు, బెంకి అంటే నిప్పు. మంట నేలబారుగా పాకి ఆరిపోయేది. దళసరి బెరడున్న పెద్ద చెట్లు తట్టుకునేవి. పొదల మొలకలు మాడిపోయేవి. కొత్త గడ్డి లేచి జింకలకు మేతయ్యేది. ఉసిరి చెట్లను పీల్చే బదనిక కూడా ఆ సెగకు అదుపులో ఉండేదని వారి అనుభవం.

1974లో ఆ అడవి అభయారణ్యమైంది. తరగు బెంకి ఆగిపోయింది. మరి అడవి బాగుపడిందా?

లాంటానా కమ్ముకొచ్చింది. మనవాళ్లు తలంబ్రాల చెట్టు అంటారే, అదే. 19వ శతాబ్దంలో పూల అందం కోసం మన దేశానికి తెచ్చిన అమెరికా ఖండపు పొద ఇది. శాస్త్రజ్ఞులు అక్కడ పరిశీలించిన స్థలాల్లో 1997లో నూటికి 41 చోట్ల లాంటానా ఉంటే, 2008 నాటికి 81 చోట్ల కనిపించింది. దాని నీడలో గడ్డి లేవదు, చెట్ల మొలకలు ఎదగలేవు. నిప్పు ఆపడం వల్లే ఇలా అయిందని సోలిగ పెద్దలంటారు. పక్షులు విత్తనాలు మోసుకుపోవడం వంటి కారణాలూ లేకపోలేదు. కానీ మొలకప్పుడే దాన్ని అణచే సాధనం మాత్రం చేజారింది.

అలాగని రేపే అగ్గిపుల్ల గీయమని కాదు. నిలువెత్తు లాంటానా పొదకు నిప్పంటుకుంటే మంట కొమ్మల దాకా ఎగబాకుతుంది. ముందు పొదల్ని వేళ్లతో పెకలించాలి, గడ్డి తిరిగి రావాలి, ఆ తర్వాతే చిన్న మంట. ఎప్పుడు, ఎక్కడ, ఏ గాలికి అన్నదే అసలు విద్య.

2011లో సోలిగ గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు లభించాయి. అయినా రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరమే. 1974కు ముందు స్వయంగా తరగు బెంకి వేసిన చేతులు ఇప్పుడు ముసలి చేతులు. మిత్రులారా! ఆ విద్య ఏ గ్రంథాలయంలోనూ పూర్తిగా లేదు. వారుండగానే వెళ్లి అడిగి నేర్చుకోవడం మన చదువులో భాగం కాదంటారా?