పఠనవిముఖులకు ఒక భయానక నవల

భరతముని నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. భయం దానికి స్థాయీభావం. అయినప్పటికీ శృంగార, వీర, కరుణ రసాలకు మన తరగతి గదులలో లభించిన గౌరవం దీనికి లభించలేదు. దయ్యాల కథ కాలక్షేపానికే తప్ప చదువుకు పనికిరాదన్న అభిప్రాయం మనలో పాతుకొని ఉన్నది. అది ఎంతవరకు సమంజసమో ఒక చిన్న నవల ఆధారంగా పరిశీలిద్దాం.

ఇతివృత్తం

అమెరికన్ రచయిత ఆర్. ఎల్. స్టైన్ బాలల కోసం ‘గూస్‌బంప్స్’ అనే నవలామాలను రచించాడు. గగుర్పాటు అని దాని అర్థం. 1992లో వెలువడిన ‘వెల్‌కమ్ టు డెడ్ హౌస్’ అందులో మొదటిది. 1997 నాటికి ఈ మాలలో 62 నవలలు వచ్చాయి.

అమాండా, జాష్ అక్కాతమ్ముళ్లు. ఎన్నడూ చూడని బంధువు నుండి సంక్రమించిన ఇంటికి తల్లిదండ్రులతో వస్తారు. ఆ ఊరిలో ఎండ అరుదు. వారి పెంపుడు కుక్క ఎదురైన ప్రతివారినీ చూసి మొరుగుతుంది. చివరకు శ్మశానంలోని సమాధి రాళ్లపై తమ కొత్త స్నేహితుల పేర్లే కనిపిస్తాయి! ఒకనాడు కర్మాగారం నుండి వెలువడిన పసుపు వాయువు ఆ ఊరి జనాన్ని జీవన్మృతులుగా మార్చింది. 1984 నాటి భోపాల్ విషాదం ఎరిగిన మనకు ఈ కల్పన కేవలం కల్పనగా తోచదు. సూర్యకాంతియే ఆ ప్రేతాలకు మృత్యువు.

శిల్పం

కథను అమాండాయే చెబుతుంది. వాక్యాలు చిన్నవి. వర్ణనలు మితం. ప్రతి అధ్యాయమూ ఒక సందేహం వద్ద ఆగుతుంది. ఈ నేర్పు మనకు కొత్త కాదు. ‘చందమామ’ బేతాళ కథలలో ప్రశ్న వద్ద ఆగిన కథ, రాజుకు మౌనభంగం కాగానే శవంతో సహా తిరిగి చెట్టెక్కేది. అయితే బేతాళుడు వివేకాన్ని పరీక్షిస్తాడు. స్టైన్ ఉత్కంఠను మాత్రమే పెంచుతాడు. కొన్నిచోట్ల అధ్యాయాంతంలోని భయం మరుపుటలో ఉత్త అపోహగా తేలిపోతుంది. ఇది లోపమే.

ఆక్షేపణ

1990–1999 మధ్య అమెరికా గ్రంథాలయాలలో అధికంగా ఆక్షేపణకు గురైన నూరు పుస్తకాల జాబితాలో ఈ నవలామాల కూడా చేరింది. పసిమనస్సులు బెదరుతాయన్న తల్లిదండ్రుల ఆందోళనను తోసిపుచ్చలేము. కాని పుస్తకాన్నే చూసి బెదరే పిల్లవాని మాట ఏమిటి?

అటువంటి విద్యార్థి ఒకడు నా తరగతిలో ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. తెలుగు వాచకం తెరవమంటే తల వంచుకొనేవాడు. ఒకనాడు ఈ కథను తెలుగులో చెబుతూ సమాధి రాళ్ల వద్ద ఆపివేశాను. సాయంత్రం అతడు నా గదికి వచ్చి, “తరువాత ఏమైంది సార్?” అని అడిగాడు. జవాబుకు బదులు పుస్తకం ఇచ్చి, ముగింపును తెలుగులో వ్రాసి తెమ్మన్నాను. నాలుగు రోజులకు ఒకటిన్నర పుట తెచ్చాడు. అక్షరదోషాలు లెక్కకు మిక్కిలి. అయినా, వాలిన చెట్టును అక్కాతమ్ముళ్లు కూలదోయగా ఎండ లోపలికి వచ్చిన ఘట్టాన్ని అతడు తన మాటలలో వ్రాశాడు. ఆ దోషాలను ఎర్రసిరాతో దిద్దడానికి ఆనాడు నాకు చేయి రాలేదు.

ఉపసంహారం

ఈ నవల ఉత్తమ సాహిత్యమని నా వాదన కాదు. ఇది గడప మాత్రమే. గడప మీదే కూర్చుండిపోరాదు. గడప దాటనిదే ఇంటిలోనికి పోలేము. విద్యార్థిని ఆ గడప వరకు తీసుకొని రావడం అధ్యాపకుని మొదటి బాధ్యత.