పెండిల్ కొండ

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున లాంకషైర్ అను ప్రాంతము కలదు. అచ్చట పొరుగు కొండలతో కలియక ఒంటరిగా నిలిచియున్న గిరియే పెండిల్ కొండ. దాని యెత్తు 557 మీటర్లు. ప్రాచీన కెల్టిక్ భాషలో 'పెన్' అనగా కొండ. ఆ యర్థము నెరుగని ఆంగ్లేయులు దానికి తమ 'హిల్' శబ్దమును చేర్చిరి. ఆ రెండును కలిసి 'పెండిల్' కాగా, తరువాతివారు మరల 'హిల్' అని చేర్చిరి. ఇట్లు ఒక్క పేరులోనే కొండ ముమ్మారు వచ్చినది!

దీని శిఖరము మొనదేలినది కాదు. గడ్డి మొలచిన విశాలమైన బయలు. నేల నల్లగా, మెత్తగా నుండును. తూర్పున బార్లీ గ్రామమునుండి ఎక్కు దారి మిక్కిలి నిటారైనది. తరచుగా మబ్బులు శిఖరమును క్రమ్ముకొనును.

1612లో ఈ కొండ నీడన ఘోరమొకటి జరిగెను. రోగములు, మరణములు కొందరి మంత్రములవలన కలుగుచున్నవని జనులు నమ్మిరి. అనేకులు బందీలైరి. విచారణలో సుమారు తొమ్మిదేండ్ల బాలిక జెన్నెట్ డివైస్ తన తల్లికి, అన్నకు వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పెను. ఆ యేట పదిమంది ఉరితీయబడిరి. వారిలో ఆమె తల్లియు, అన్నయు, అక్కయు నుండిరి.

అటుపిమ్మట ఏబదియేండ్లైనను నిండలేదు. 1661 ఏప్రిల్ నెలలో రిచర్డ్ టౌన్లీ, హెన్రీ పవర్ అను మిత్రులిరువురు పాదరసమును, గాజుగొట్టమును తీసికొని ఆ కొండనే ఎక్కిరి. పైకి పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గునని 1648లో ఫ్రాన్సుదేశమున జరిగిన పరీక్షవలన తెలియవచ్చెను. ఒత్తిడి తగ్గినపుడు బంధింపబడిన గాలి ఏమగును? దీనిని తెలిసికొనుటయే వారి సంకల్పము. వారు కొండ దిగువను కొలిచిరి, శిఖరమునను కొలిచిరి. శిఖరమున గొట్టములోని పాదరసము దిగెను; దానిపైనున్న గాలి వ్యాకోచించెను. ఒత్తిడి తగ్గినకొలది గాలి ఆక్రమించు చోటు పెరుగునని వారు గ్రహించిరి. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన ప్రసిద్ధ వాయుసూత్రమునకు ఈ పరిశీలన తోడ్పడెను. బాయిల్ తన గ్రంథమున టౌన్లీ ఊహను పేర్కొని, ఆయనకు తగిన గౌరవ మొసగెను.

మంత్రవిద్యను నేరముగా నెంచి మరణశిక్ష విధించు చట్టము 1736లో రద్దయ్యెను. చనిపోయినవారు మాత్రము తిరిగి రాలేదు.

ఒకే కొండ ఈ రెండు ఘట్టములను చూచినది. తెలియనిదానికి వెరచినవారు ఇరుగుపొరుగువారిని ఉరికంబ మెక్కించిరి. తెలియనిదానిని కొలువబూనినవారు కొండ నెక్కి, లోకమునకు ఒక సత్యమును తెచ్చిరి. ఎవరిపైననైనను నింద వినవచ్చినపుడు, దీనికి ఋజువేమి యని మొదట అడుగుట వివేకవంతుల లక్షణము.