గరగరలాడే వూఫర్

పాత నమూనా స్పీకర్‌లో బేస్ మోగినప్పుడల్లా గరగరమంటోందనీ, వూఫర్ మార్చేయాలా అనీ ఒక పాఠకుడు అడిగారు.

తొందరేం లేదు. ముందు ఆంప్లిఫయర్ ఆపి, దాని దగ్గర కుడి, ఎడమ స్పీకర్ల వైర్లు అటూ ఇటూ మార్చి చూడాలి. రొద రెండో పెట్టెలోకి పోతే తప్పు ఆంప్లిఫయర్ వైపుది. స్పీకర్ పాపం నిర్దోషి.

అదే పెట్టెలో ఉంటే, ఫోన్ యాప్‌తో 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా స్వరాన్ని మెల్లగా మోగిస్తూ మరలు, జాలీ, వెనక పలక ఒక్కొక్కటే చేత్తో అదిమి చూడాలి. వదులైన ఒక్క మర కూడా ఇంత గొడవ చేస్తుంది!

మరలు బిగించినా తగ్గకపోతే అనుమానం కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు మీదికే. 1970, 80ల నాటి చాలా వూఫర్లలో అది వేలు తగిలితే పొడిగా రాలిపోతుంది. అంచు పట్టు తప్పాక కోన్ ఒరిగి, వాయిస్ కాయిల్ అయస్కాంతపు సందులో రాసుకుంటుంది. రెండు వైపులా వేళ్లు సమంగా ఆనించి కోన్‌ని సుతారంగా లోపలికి నొక్కితే గీరుడు తెలుస్తుంది.

ఫోమ్ ఒక్కటే పోతే కొత్త రింగు చాలు. పాత జిగురు గీకి, డస్ట్ క్యాప్ తీసి, కాయిల్ లోపల సన్నని ప్లాస్టిక్ పట్టీలు దూర్చి నడిమికి నిలిపాకే అతికించాలి. ఇక్కడ ఓపిక లేనివాళ్లు మెకానిక్‌కి ఇవ్వడమే మేలు.

1954లో ఎడ్గర్ విల్చర్ తెచ్చిన ఏఆర్-1 స్పీకర్ తరహా మూసిన పెట్టెల్లో లోపలి గాలే స్ప్రింగు. అందుకే వూఫర్‌ని తిరిగి బిగించేటప్పుడు గాలి పోకుండా గాస్కెట్ కూడా బిగుతుగా ఉండాలి. కొత్త అంచు వేశాకా గీరుడు ఆగకపోతే కాయిలే చెడి ఉండొచ్చు. అప్పుడు రీకోన్, అంటే కాయిల్‌తో సహా కోన్ మార్పిడి, చేయించాలి.