అదనపు బాధ్యత, పూర్తి సంతకం



ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు పదవీ విరమణ చేసినప్పుడు, కొత్తవారు వచ్చేంతవరకు ఆ బడిలోని సీనియర్ స్కూల్ అసిస్టెంటుకు బాధ్యత అప్పగించడం తెలుగు రాష్ట్రాల్లో పరిపాటి. ఈ అప్పగింత అన్నివేళలా ఒకే తీరుగా ఉండదు. రోజువారీ పనుల వరకే పరిమితమైనదాన్ని వాడుకలో ఇన్‌ఛార్జి అంటారు. జీతాల బిల్లులపై సంతకం చేసి ఖజానా నుంచి సొమ్ము డ్రా చేసే అధికారం, అంటే డీడీఓ అధికారం, కూడా తోడైతే అది పూర్తి అదనపు బాధ్యత, కార్యాలయ భాషలో ఎఫ్ఏసీ. 1922 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల మౌలిక నిబంధనల్లో 49వది ఒకే ఉద్యోగి రెండు పోస్టుల పని చూడటానికి సంబంధించినదే. చేతికి వచ్చిన ఉత్తర్వు వీటిలో ఏ కోవకు చెందుతుందో మొదటే చదివి తెలుసుకోకపోతే, లేని అధికారంతో సంతకం పెట్టడమో, ఉన్న అధికారాన్ని వాడక పనులు ఆపివేయడమో జరుగుతుంది.

తాత్కాలికమన్న మాట కుర్చీకే గాని సంతకానికి వర్తించదు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించగా, బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అలా బాధ్యత వహించేవారికి రాష్ట్రపతి అధికారాలన్నీ ఉంటాయని రాజ్యాంగంలోని 65వ అధికరణం చెబుతుంది. ఆ ఏడాది జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై ఆయన సంతకం చేసి, మర్నాడే ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. ఊరి బడిలోనూ సంతకం బరువు అలాంటిదే. ప్రవేశాల రిజిస్టరులో ఉన్న పుట్టిన తేదీ నామినల్ రోల్ (పరీక్షార్థుల జాబితా) ద్వారా పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కి, ఆ పిల్లవాడు ఉద్యోగం చేసి విరమించేదాకా అతని వెంటే నడుస్తుంది. రెండు నెలల ఇన్‌ఛార్జి సరిచూడకుండా పెట్టిన సంతకం వల్ల, 20 ఏళ్ల తర్వాత ఒక కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరగవలసి రావచ్చు.

కాబట్టి ఛార్జి తీసుకోవడమంటే తాళాలగుత్తి అందుకోవడం కాదు. క్యాష్ బుక్‌లోని నిల్వను బ్యాంకు పాస్‌బుక్‌తో పోల్చి, టీసీ పుస్తకంలో ఎన్ని ఖాళీ పత్రాలు మిగిలాయో వరుస నంబర్లతో లెక్కించి, సిబ్బంది సేవా పుస్తకాలను ఒక్కొక్కటిగా చూసి, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ జాబితాపై సంతకాలు చేయాలి. మధ్యాహ్న భోజనం బియ్యాన్ని మూటలు లెక్కపెట్టి ఊరుకోక కాటా మీద తూయించాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు రోజుకు తలా 150 గ్రాముల బియ్యం లెక్క కాబట్టి, 300 మంది పిల్లలకు రోజుకు 45 కిలోలు పడుతుంది. అంటే రెండు క్వింటాళ్ల తేడా నాలుగు రోజులకు పైగా సరిపడే అన్నంతో సమానం. పెద్దవారిని అనుమానించినట్టవుతుందన్న మొహమాటంతో తూకం మానుకుంటే, ఆ తేడాకు రేపు జవాబు చెప్పవలసింది మొహమాటపడినవారే. నిజానికి ఆ తూకం వెళ్లిపోయేవారి పేరును కూడా కాపాడుతుంది.

తరువాతి చిక్కు మనుషులతో వస్తుంది. నిన్నటిదాకా స్టాఫ్ రూములో పక్కన కూర్చుని టీ తాగిన సహోపాధ్యాయుల సెలవు చీటీలు నేడు బాధ్యత తీసుకున్న ఉపాధ్యాయిని బల్ల మీదికి వస్తాయి. వయసులో పెద్దవారిని ఎప్పటిలాగే గారు అని పిలుస్తూ, హాజరు పట్టీ విషయంలో మాత్రం దగ్గరివారికీ దూరపువారికీ ఒకే కొలత పాటించడమే ఇక్కడ మేలు. నామినల్ రోల్స్, జీతాల బిల్లులు, కారుతున్న తరగతి గది కప్పు కొత్తవారి కోసం ఆగవు గనుక వాటిపై నిర్ణయం వాయిదా వేయరాదు. ఏళ్ల తరబడి బడిని కట్టిపడేసే కొత్త ఒప్పందాలు, పాత తగాదాల తీర్పులు మాత్రం శాశ్వతంగా వచ్చేవారికి వదిలిపెట్టడం ఉచితం.

అదనపు బాధ్యతలో అందరికన్నా ముందు నష్టపోయేవారు ఆమె సొంత తరగతి పిల్లలు. మీటింగు ఉందని ఒకనాడు, అత్యవసర నివేదిక అడిగారని మరొకనాడు పదో తరగతి గణితం పీరియడు జారిపోతుంది, ఆ లోటు ఏ రిజిస్టరులోనూ కనిపించదు. రోజుకు ఒక్క పీరియడైనా, వీలైతే మొదటి పీరియడే, ఏ ఫోనుకూ లేవనని నియమం పెట్టుకున్న ఉపాధ్యాయినికి కార్యాలయం ఎంత చుట్టుముట్టినా అసలు పని చేయి జారదు.

రామాయణంలో భరతుడు 14 ఏళ్లు రాజ్యభారం మోసి, రాముడు తిరిగి వచ్చినప్పుడు కోశాన్ని, ధాన్యాగారాన్ని, సైన్యాన్ని చూసుకొమ్మని, అవన్నీ పదింతలయ్యాయని విన్నవించాడు. పాదుకలు తెచ్చుకున్న భక్తిని లోకం తలచుకున్నంతగా ఈ లెక్క అప్పగింతను తలచుకోదు. బడిలో ఏదీ పదింతలు కానక్కరలేదు. తీసుకున్ననాటి జాబితా పక్కనే ఇచ్చేనాటి జాబితా పెట్టి, మధ్యలో జరిగిన ప్రతిదానికీ కాగితం చూపి, సుద్దముక్క తీసుకుని తన తరగతికి వెళ్లగలిగితే ఆ ఉపాధ్యాయిని బాధ్యత సంపూర్ణంగా నెరవేరినట్లే.