మళ్ళీ సైకిలెక్కినవాడి సగటు వడి
(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

సైకిలు తొక్కడం ఒకసారి వచ్చాక మరచిపోము అంటారు. నిజమే, బ్యాలెన్సు మరచిపోము. కానీ మన గుండె, ఊపిరితిత్తులు, తొడ కండరాలు మాత్రం చక్కగా మరచిపోతాయి. ఈ సంగతి నాకు నిరుటి వరకూ తెలియదు.

పదో తరగతి దాకా రోజూ సైకిలు మీదనే హైస్కూలుకు వెళ్ళాను. తరువాత రెండేళ్ళు ఇంటర్మీడియట్ హాస్టలు, ఆపైన కాలేజీ పక్కనే అద్దె గది. నాలుగేళ్ళు పెడలు మీద కాలు పెట్టలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పనల మీద ఉన్న మా వరి నీళ్ళలో నానిపోయింది. మా నాన్న నన్ను ఏమీ అడగలేదు. కానీ గది అద్దె, మెస్సు కలిపి నెలకు ఐదు వేలు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకు తెలుసు. ఇంటి నుండి కాలేజీకి కాలువ కట్ట మీదుగా 14 కిలోమీటర్లు. రోజూ సైకిలు మీద వచ్చి చదువుకోగలనా? గది గడువు 2024 జూలై ఆఖరు వరకు ఉన్నది. ఆ లోపల తేల్చుకోవాలి. సైన్సు విద్యార్థిని కనుక కొలిచి చూద్దామనుకొన్నాను. ఆ కొలతల కథే ఈ వ్యాసం.

వేగమా? వడియా?

ముందుగా ఒక చిన్న పాఠం. మన భౌతికశాస్త్ర పుస్తకాల ప్రకారం ఇంటి నుండి బయలుదేరి తిరిగి ఇంటికే చేరినవాడి స్థానభ్రంశం సున్న. కావున వాడి సగటు వేగం కూడా సున్న! కాళ్ళ నొప్పి మాత్రం సున్న కాదు. అందుచేత మనకు కావలసింది సగటు వడి, అనగా తిరిగిన మొత్తం దూరాన్ని పట్టిన మొత్తం కాలంతో భాగించగా వచ్చేది.

మొత్తం కాలం అంటే ఏది? మొదటి రోజు నేను 58 నిమిషాలు తొక్కి, 8 నిమిషాలు చెట్టు కింద కూలబడ్డాను. తొక్కిన కాలం మాత్రమే లెక్కిస్తే గంటకు 14.5 కి.మీ. ఆగిన కాలం కూడా కలిపితే 12.7 మాత్రమే. మొదటిది కాళ్ళ సంగతి చెబుతుంది, రెండవది ఫస్టు బెల్లుకు అందుతామా లేదా చెబుతుంది. రెండూ రాసుకోవాలి. గొప్ప కోసం ఒకదాన్ని దాచిపెట్టరాదు.

ఇక్కడ ఒక ఓదార్పు మాట. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన పెడళ్ళే లేని రెండు చక్రాల బండి మీద, కాళ్ళతో నేలను తన్నుకుంటూ, మాన్‌హైం నగరం నుండి పోను రాను సుమారు 14 కి.మీ. గంట లోపే వెళ్ళి వచ్చాడు. పెడళ్ళు, చైను, గాలి టైర్లు ఉండి కూడా మొదటి రోజు నేను ఆయన కంటే వెనకబడ్డాను!

సగటు చేసే మోసం

మరో పొరపాటు చాలామంది చేస్తారు. ఒక ఉదయం ఎదురుగాలిలో గంటకు 12 కి.మీ. చొప్పున 70 నిమిషాల్లో కాలేజీకి చేరాను. సాయంత్రం అదే గాలి వీపు మీద తోయగా 20 కి.మీ. చొప్పున 42 నిమిషాల్లో ఇల్లు చేరాను. సగటు ఎంత? పన్నెండూ ఇరవై కలిపి సగం చేసి 16 అంటారు. తప్పు. 28 కి.మీ.కి 112 నిమిషాలు పట్టింది. అంటే గంటకు 15 మాత్రమే. నెమ్మదిగా పోయిన దారిలో ఎక్కువ సేపు ఉంటాము కనుక సగటు ఎప్పుడూ అటువైపే మొగ్గుతుంది. కావున ఎదురుగాలి తీసుకొన్నదాన్ని వాలుగాలి పూర్తిగా తిరిగి ఇవ్వదు.

గాలితో కుస్తీ

చదును నేల మీద సైకిలును అడ్డగించేవి ముఖ్యంగా రెండు. ఒకటి టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ. ఇది వడితో పెద్దగా మారదు. టైర్లలో గాలి తగ్గితే మాత్రం పెరుగుతుంది. రెండవది గాలి నిరోధం. ఇది గాలికి ఎదురుగా మనం పోయే వడి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని జయించడానికి కావలసిన సామర్థ్యం, గాలి నిలిచి ఉన్నప్పుడు, వడి ఘనాన్ని బట్టి పెరుగుతుంది.

మనిషి, సైకిలు, పుస్తకాలు కలిపి 80 కిలోలు, నిటారుగా కూర్చొని తొక్కుతున్నాడు అనుకొని లెక్క వేశాను. గాలి లేనప్పుడు గంటకు 15 కి.మీ.కి సుమారు 50 వాట్లు చాలు. 20కి సుమారు 100 వాట్లు కావాలి. 25కి 160 పైమాటే. అంటే 15 నుండి 20కి పెంచితే వడి మూడోవంతే పెరిగింది, కష్టం రెట్టింపయింది. కాబట్టి “మునుపు 20లో పోయేవాణ్ణి, ఇప్పుడు 15లోనే పోతున్నాను” అని బాధపడేవారు తమలో నాలుగోవంతు శక్తి పోయిందనుకొంటారు గాని, నిజానికి సగం పోయింది! అలాగే ఆ 20 తిరిగి రావాలంటే సగటు అంగుళం అంగుళంగానే పెరుగుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది లేదు.

నాడి చెప్పిన నిజం

మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారంలో పడమటి గాలి లేచింది. మా కాలేజీ మా ఊరికి పడమర. పైన చెప్పిన 70 నిమిషాలు ఆ రోజువే. మొదటి రోజు కంటే 12 నిమిషాలు ఎక్కువ! “ఇక నా వల్ల కాదు, గది ఉంచుకొంటాను” అని ఇంట్లో చెప్పేద్దామనుకొన్నాను. మా తాతకు సంగతి తెలిసి, “ఏరా, వేసవంతా కొట్టంలో కట్టేసిన ఎద్దుని ఏరువాక నాడే పొద్దుగూకేదాకా దున్నిస్తామట్రా? ఎద్దు ఎంత దున్నిందని కాదు, ఎంత రొప్పుతోందో చూడాలి” అన్నాడు.

ఆ మాటతో నా నోటుబుక్కు తీసి రెండో వరుస చూశాను. రోజూ దిగగానే మణికట్టు దగ్గర చూపుడు వేలు, నడిమి వేలు పెట్టి (బొటనవేలు వద్దు, దానికీ నాడి ఉంటుంది) 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేసేవాణ్ణి. ఒక నిమిషం ఆగి మళ్ళీ లెక్క. మొదటి రోజు దిగగానే 172, నిమిషం తరువాత 148. ఎదురుగాలి రోజు 156, నిమిషం తరువాత 120. గంటకు 10 కి.మీ. ఎదురుగాలి అనుకొంటే ఆ రోజు నా పని సుమారు 65 వాట్లు. మొదటి రోజు 50 కూడా లేదు. అంటే ఎక్కువ పని చేసి తక్కువ రొప్పాను! గడియారం నేను వెనకబడ్డానంది. నాడి నేను ముందుకు పోయానంది. తాత మాటే నిజమైంది.

కారణం శరీరధర్మశాస్త్రంలో ఉన్నది. సాధన మానిన రెండు మూడు వారాల్లోనే రక్తంలోని ప్లాస్మా పరిమాణం తగ్గుతుంది. గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం తగ్గి, దెబ్బల సంఖ్య పెరుగుతుంది. మళ్ళీ సాధన మొదలుపెడితే ఇది నెమ్మదిగా తిరగబడుతుంది. ఆరో వారంలో ఒక గాలి లేని ఉదయం ఎక్కడా ఆగకుండా 56 నిమిషాల్లో చేరాను. సగటు వడి 15, నాడి 148, నిమిషం తరువాత 108. వడిలో పెరిగింది అర కిలోమీటరే. నాడిలో తగ్గింది 24 దెబ్బలు.

మళ్ళీ మొదలుపెట్టేవారికి

ఒకే దారి, ఒకే వేళ, టైర్లలో ఒకే గాలి ఉంచి కొలవండి. పక్కనే గాలి దిశ, ఎండ రాసుకోండి. ఎండలో అదే పనికి నాడి ఎక్కువ కొట్టుకొంటుంది. ఒక్క రోజు అంకె చూసి సంతోషించవద్దు, ఏడవవద్దు. పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా తొక్కడం మొదటి నెలకు చాలు. వారానికి దూరం కొద్ది కొద్దిగా పెంచండి. సీటు తగినంత ఎత్తులో పెట్టించండి. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం వస్తే సగటు సంగతి మరచి వెంటనే దిగి, డాక్టరు వద్దకు వెళ్ళండి.

జూలై ఆఖరున గది ఖాళీ చేశాను. ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి నాన్నే వచ్చారు. దారిలో “కాళ్ళు నొప్పి పుడతన్నయ్యా?” అని మాత్రం అడిగారు. “లేదు నాన్నా” అన్నాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు గాని, నోటుబుక్కు నా పక్షాన ఉన్నది. జోరు వాన రోజుల్లోనూ, పరీక్షల రోజుల్లోనూ బస్సెక్కుతాను. మిగతా రోజులు మన సైకిలు స్టాండులో నా బండి కనబడుతుంది. మిత్రులెవరైనా మళ్ళీ సైకిలెక్కదలిస్తే ఒక గడియారం, ఒక నోటుబుక్కు, మూడు వేళ్ళ నిడివి ఓపిక తెచ్చుకోండి. మిగతాది కాళ్ళే నేర్చుకొంటాయి.